45 రోజుల తొందర

మన పట్టణాల్లో కుక్కపిల్ల కోసం బయల్దేరినవాళ్లు అమ్మేవాళ్లను ముందుగా అడిగేది ‘ఎన్ని రోజుల పిల్ల?’ అని. నలభై, నలభై ఐదు రోజులంటే ముఖాలు విప్పారుతాయి. నాలుగు నెలలంటే అనుమానాలు బయల్దేరతాయి. ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ ఎందుకు తీసుకెళ్లలేదు? ఏదైనా జబ్బుందా? ఇప్పుడిక మనకు మాలిమి అవుతుందా? ఎంత పసిదాన్ని తెచ్చుకుంటే అంతగా మన సొంతమవుతుందనే నమ్మకం ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఉంది. ఆ నమ్మకం బలమెంతంటే, పిల్లలను తల్లి దగ్గర మరో నెల ఉంచాలనుకునే పెంపకందారు కూడా కొనేవాళ్లు దొరకరేమోనని భయపడి ఏడో వారం నిండకుండానే ఇచ్చేస్తాడు. కళ్లు తెరిచి నెల దాటిందో లేదో అన్న ప్రాణి అట్టపెట్టెలో, ఆటోలో, రైల్లో కొత్త ఊరికి ప్రయాణమవుతుంది.

ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. దాని వెనక గట్టి పరిశోధనలే ఉన్నాయి. అయితే వాటి సారాంశంలో సగమే మన దాకా వచ్చింది. మిగతా సగాన్ని కూడా చేర్చి చూస్తే, మూడు నుంచి ఐదు నెలల మధ్య వయసుండి, మనుషుల మధ్య, ఇంటి వాతావరణంలో పెరిగిన పిల్ల చాలా కుటుంబాలకు ఆరేడు వారాల పిల్ల కంటే మంచి ఎంపిక అని తేలుతుంది. ‘మనుషుల మధ్య, ఇంటి వాతావరణంలో’ అన్న షరతు ఈ వాదనకు ఆయువుపట్టు. అది తీసేస్తే ఇక్కడ చెప్పబోయేదంతా కూలిపోతుంది కాబట్టి ముందే చెప్పడం న్యాయం.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో జాక్సన్ ప్రయోగశాల ఉంది. అక్కడ జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు బసెంజీ, బీగిల్, కాకర్ స్పానియల్, షెట్లాండ్ షీప్‌డాగ్, ఫాక్స్ టెరియర్ జాతుల పిల్లలను పుట్టిన దగ్గర్నుంచీ ఏళ్ల తరబడి గమనించి, ఆ ఫలితాలను 1965లో పుస్తకంగా తెచ్చారు. కుక్కపిల్ల మనసు ఎదిగే తీరును దశలుగా విడదీసి చూపింది వాళ్లే. మొదటి రెండు వారాలూ పిల్లకు కళ్లు కనిపించవు, చెవులు వినిపించవు. పాలు, వెచ్చదనం, నిద్ర, అంతే. మూడో వారంలో లోకం తెరుచుకుంటుంది. అక్కడి నుంచి సుమారు పన్నెండో వారం దాకా నడిచేది అన్నిటికంటే విలువైన దశ. ఆ రోజుల్లో పిల్లకు కొత్తదంటే భయం తక్కువ, ఆరా ఎక్కువ. ఏ ప్రాణులు తనవాళ్లో, ఏ చప్పుళ్లు మామూలువో, ఏ వాసనలకు బెదరనక్కర్లేదో ఆ మెదడు అప్పుడే రాసుకుంటుంది. తరువాత నెమ్మదిగా భయం పైచేయి సాధిస్తుంది. దీన్ని పరిచయ దశ అందాం. ‘చిన్నప్పుడే తెచ్చుకోవాలి’ అనే మాటకు వేరు ఇక్కడే ఉంది.

ఆ వేరుకు నీళ్లు పోసిన ప్రయోగం 1961లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు ఎత్తైన కంచె కట్టిన మైదానంలో తల్లికుక్కలనూ వాటి పిల్లలనూ ఉంచి, మనిషి కంటపడకుండా తిండి అందించారు. రెండు, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాల వయసుల్లో కొన్ని కొన్ని పిల్లలను ఒక్క వారం పాటు లోపలికి తీసుకొచ్చి, రోజుకు గంటన్నర సేపు మనుషులతో గడపనిచ్చి, మళ్లీ మైదానంలోకి పంపేశారు. ఒక గుంపును పద్నాలుగో వారం దాకా ఎవరూ తాకలేదు. చివర్లో అన్నిటినీ పరీక్షిస్తే, మనిషి స్పర్శ ఎరుగని పిల్లలు అడవి జంతువుల్లా బెదిరి పారిపోయాయి. తరువాత ఎంత బుజ్జగించినా పెద్దగా మారలేదు. ఏడో వారంలో మనుషులను కలిసినవి అన్నిటికంటే బాగా మసలుకున్నాయి. దాంతో ఏడో వారం అనే మాట, కొన్నిచోట్ల 49వ రోజు అన్నంత కచ్చితంగా, పెంపకందార్ల నోళ్లలో స్థిరపడిపోయింది. కానీ ఆ ప్రయోగాన్ని మరొకసారి చూడండి. ఆ పిల్లలను ఏడో వారంలో ఎవరూ ఇంటికి పట్టుకుపోలేదు. వారం రోజులు, రోజుకు గంటన్నర, అదీ ప్రయోగశాల సిబ్బందితో గడిపి అవి మళ్లీ తల్లి దగ్గరికే వెళ్లాయి. ఆ కాస్త పరిచయమే మనుషులన్న జాతి మొత్తం మీద వాటికి నమ్మకం కలిగించింది. అంటే పరిచయ దశలో పిల్లకు కావలసింది మనుషుల సహవాసం. ఆ మనుషులు రేపటి యజమానులే కావాలని ప్రయోగం ఎక్కడా చెప్పలేదు.

ఇదే సంగతిని ఇంకా స్పష్టంగా చూపించిన అనుభవం కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌ది. అక్కడ చూపులేనివారికి దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలో క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ పనిచేసేవారు. ఆయన స్కాట్ సలహాతో పిల్లలకు పన్నెండో వారం దాకా వారం వారం పరీక్షలు పెట్టించి, నెగ్గినవాటిని పెంపుడు కుటుంబాలకు పంపించేవారు. పరీక్షలు ముగిసిన వారంలోపు కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల్లో దాదాపు 90 శాతం తరువాత శిక్షణ పూర్తిచేశాయి. మూడు వారాలకు మించి కెన్నెల్‌లోనే ఉండిపోయినవాటిలో నెగ్గినవి 30 శాతమే. పెద్ద పిల్లను తేకూడదని వాదించేవాళ్లు ఈ రెండో అంకెనే చూపిస్తారు. మొదటి అంకెను కూడా చూడమని నా విన్నపం. అన్నిటికంటే బాగా రాణించిన ఆ పిల్లలు ఇళ్లకు చేరింది పన్నెండు వారాలు నిండాకే. ఆ లోపు ప్రతివారం వాటిని మనుషులు చేతుల్లోకి తీసుకున్నారు, ఆడించారు, కొత్త వస్తువులు చూపించారు. వెనకబడిన పిల్లలకు జరిగిన నష్టం పరీక్షలు ఆగిపోయి, పలకరించే మనిషి లేక, కెన్నెల్ గోడల మధ్య గడిచిన ఆ ఖాళీ వారాల వల్ల. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకు వయసు ఒకటే అయినా ఆ మూడు వారాలు గడిచిన చోటును బట్టి భవిష్యత్తు వేరైపోయింది.

ఇక తల్లి దగ్గర ఆగిన పిల్లకు అక్కడ దొరికేదేమిటో చూద్దాం. నాలుగో వారానికల్లా పాలపళ్లు సూదుల్లా మొలుస్తాయి. తోబుట్టువులతో కలబడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని ఆట మానేస్తుంది. తల్లి అయితే గుర్రుమంటుంది, లేదా మూతితో నొక్కి పట్టుకుంటుంది. ఇలా కొన్ని వందల సార్లు జరిగాక పిల్లకు తన దవడల బలం ఎంతో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. తల్లి పాలివ్వడానికి నిరాకరించినప్పుడు ఓర్చుకోవడం, పెద్ద కుక్క సైగలు చదవడం, తోటి కుక్కతో తగవు రాకుండా తప్పుకోవడం కూడా అక్కడి చదువే. మనం ఎంత ప్రేమగా చూసుకున్నా ఈ పాఠాలను కుక్కలంత బాగా చెప్పలేం. ఇటలీలో 140 కుక్కల యజమానులను అడిగి చేసిన ఒక అధ్యయనం 2011లో ప్రచురితమైంది. 30 నుంచి 40 రోజుల వయసులో తల్లికి దూరమైన కుక్కలనూ, రెండు నెలలకు దూరమైన కుక్కలనూ అందులో పోల్చారు. అతిగా మొరగడం, బయట నడిచేటప్పుడు బెదరడం, చప్పుళ్లకు ఉలిక్కిపడటం, తిండినీ బొమ్మలనూ ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం, వస్తువులు పాడుచేయడం తొందరగా విడదీసిన వాటిలోనే ఎక్కువ కనిపించాయి. యజమానులు చెప్పిన మాటల మీద ఆధారపడిన అధ్యయనం కాబట్టి దీన్నే తుది తీర్పుగా తీసుకోనక్కర్లేదు. అయితే 1993లో దక్షిణాఫ్రికాలో స్లాబర్ట్, రాసా జర్మన్ షెపర్డ్ పిల్లల మీద చేసిన పరిశోధన కూడా అటువైపే చూపుతోంది. ఆరు వారాలకు తల్లినీ పుట్టిన చోటునూ వదిలిన పిల్లలు తిండి సరిగా తినలేదు, బరువు తగ్గాయి, జబ్బులకు ఎక్కువగా లోనయ్యాయి. పన్నెండు వారాల దాకా తల్లితో ఉంటూనే మనుషులతో మెలిగిన పిల్లలు ఆరోగ్యంగా పెరిగాయి. ముందే విడదీసినందువల్ల మనిషితో అనుబంధం ఏమన్నా అదనంగా పెరిగిందా అంటే, అదీ లేదు.

ప్రకృతి లెక్క ఏమిటో తెలుసుకోవడానికి మన వీధి కుక్కలే చాలు. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం పశ్చిమ బెంగాల్ వీధుల్లో తల్లులనూ పిల్లలనూ వారాల తరబడి వెంబడించి లెక్కలు రాసుకుంది. ఆరో వారం దాకా తల్లీపిల్లల మధ్య పాల దగ్గర సహకారమే ఎక్కువ. ఏడో వారం నుంచి పదమూడో వారం దాకా తగువులాట నడుస్తుంది: పిల్లలు అడుగుతాయి, తల్లి కొన్నిసార్లు ఇస్తుంది, కొన్నిసార్లు తరుముతుంది. ఎవరూ జోక్యం చేసుకోకపోతే తల్లికీ పిల్లకూ మధ్య తెగతెంపులు ఇంత నెమ్మదిగా, ఇన్ని వారాల పాటు జరుగుతాయి. మనం 45 రోజులకు పిల్లను లాక్కునేది సరిగ్గా ఆ బేరసారాలు మొదలయ్యే వేళకే.

ఆరోగ్యం సంగతికి వస్తే, కుక్కపిల్లలను పెంచినవాళ్లను అన్నిటికంటే భయపెట్టే పేరు పార్వో. 1978 ప్రాంతంలో బయటపడిన ఈ వైరస్ రెండు మూడేళ్లలోనే లోకమంతా పాకి, 1980ల తొలి నాళ్లలో మన దేశంలోనూ నమోదైంది. రక్త విరేచనాలు, వాంతులతో పిల్ల రెండు మూడు రోజుల్లోనే ఎండిపోతుంది. వైద్యం అందకపోతే చాలా పిల్లలు బతకవు. ఈ వైరస్ నేలలో నెలల తరబడి సజీవంగా ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. టీకా ఉంది కదా అనిపిస్తుంది. చిక్కంతా టీకా వేసే వయసులో ఉంది. పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాలతో తల్లి ప్రతిరక్షకాలు పిల్ల ఒంట్లోకి చేరతాయి. అవి పిల్లను కాపాడతాయి, కానీ టీకాను కూడా శత్రువుగా భావించి పనిచేయనివ్వవు. అవి వారాలు గడిచేకొద్దీ తగ్గుతూ పోతాయి. మధ్యలో ఒక గండం ఉంటుంది: వైరస్‌ను ఆపేంత బలం ఆ ప్రతిరక్షకాలకు మిగలదు, టీకాను చెడగొట్టేంత బలం మాత్రం ఉంటుంది. ఏ పిల్లకు ఈ గండం ఏ వారంలో వస్తుందో బయటికి తెలియదు. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం మార్గదర్శకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి టీకా వేస్తూ, చివరిది 16 వారాలు నిండాకే వేయాలంటాయి. 45 రోజులకు తెచ్చిన పిల్ల ఈ గండం మొత్తాన్నీ, తల్లిని వదిలిన దిగులుతో, మారిన తిండితో, కొత్త ఇంట్లో దాటాలి. నాలుగు నెలలు దాటాక తెచ్చిన పిల్ల దాన్ని గట్టెక్కి వస్తుంది. పొమేరియన్, చివావా లాంటి బుల్లి జాతుల్లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మరీ చిన్న వయసులో ఒక పూట తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి అవి సొమ్మసిల్లుతాయి. వాటి విషయంలోనైతే పన్నెండు వారాల కంటే ముందు తేవడానికి నాకు ఏ సమర్థనా కనిపించదు.

పరిచయ దశను మన ఇంట్లోనే గడిపించాలన్న ఆశ కూడా ఇక్కడే దెబ్బతింటుంది. చిన్నప్పుడే తెచ్చి లోకమంతా మనమే చూపిద్దామనుకుంటాం. కానీ టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో దించవద్దని డాక్టరు చెబుతారు. చెప్పడంలో తప్పు లేదు. మన వీధుల్లో పార్వో భయం నిజమైనది. ఫలితంగా ఏడో వారం నుంచి పదహారో వారం దాకా ఆ పిల్ల మూడో అంతస్తు ఫ్లాటులో, నలుగురు మనుషుల మధ్య, మరో కుక్క ముఖం చూడకుండా పెరుగుతుంది. దేన్ని కాపాడుకోవాలని తొందరపడి తెచ్చామో ఆ దశ నాలుగు గోడల మధ్యే ముగిసిపోతుంది. చిన్న పిల్లనే తెచ్చుకున్నవాళ్లు దాన్ని ఎత్తుకొని బజారు చూపించవచ్చు, టీకాలు వేయించిన ఆరోగ్యమైన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లవచ్చు. మొదటి టీకా వేసిన వారం తరువాత శుభ్రమైన చోట తోటి పిల్లలతో కలపవచ్చని అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే చెప్పింది. అంత తీరిక, పట్టుదల ఉన్న ఇల్లయితే ఎనిమిది వారాల పిల్ల కూడా బాగానే పెరుగుతుంది. పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఇంట్లో అది సాధ్యమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. రెండు నెలల పిల్లకు మూత్రం పట్టి ఉంచుకునే శక్తి ఇంకా రాదు. పగలంతా రెండు గంటలకొకసారి, రాత్రి కూడా ఒకటి రెండు సార్లు ఎవరో ఒకరు లేవాలి. నాలుగైదు నెలలకు ఆ పట్టు చాలావరకు వస్తుంది, రోజుకు నాలుగు పూటల తిండి మూడు పూటలకు దిగుతుంది.

అయితే పెద్ద పిల్ల మనల్ని తనవాళ్లనుకుంటుందా? ఈ భయానికి హంగరీ నుంచి వచ్చిన జవాబు నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. బుడాపెస్ట్‌లోని ఎయోట్వోష్ విశ్వవిద్యాలయంలో మార్తా గాచి, యోజెఫ్ తోపాల్ బృందం 2001లో షెల్టర్లలో ఉంటున్న ఎదిగిన కుక్కలను పరీక్షించింది. ఒక మనిషి ఒక్కో కుక్కతో మూడు వేర్వేరు రోజుల్లో పది నిమిషాల చొప్పున గడిపాడు. అంతే, తరువాత చేసిన పరీక్షలో ఆ కుక్కలు కొత్తవాళ్లను ఒకలా, ఆ మనిషిని ఇంకోలా చూశాయి. అతని దగ్గరికి చేరాయి, అతను వెళ్లిపోతే తలుపు వైపు వెళ్లాయి. పసిపిల్లలకూ తల్లులకూ మధ్య అనుబంధాన్ని కొలవడానికి వాడే పద్ధతినే ఇక్కడా వాడారు. మొత్తం అరగంట చాలింది, అదీ పెద్ద కుక్కలకు. చూపులేనివారికి దారి చూపే కుక్కలైతే ఏడాది పైగా ఒక ఇంట్లో పెరిగి, కొన్ని నెలలు శిక్షకుడి దగ్గర గడిపి, తరువాతే అసలు యజమానిని చేరతాయి. ఆ మూడో బంధం మీదే ఒక మనిషి ప్రాణం ఆధారపడుతుంది, అది నిలుస్తోంది కూడా. కోల్‌కతా బృందమే 2017లో వీధి కుక్కల మీద మరో సంగతి చూపించింది: కొత్త మనిషి తిండి పెట్టడం కంటే పదే పదే నిమరడం వాటిలో ఎక్కువ నమ్మకం పెంచింది. మనిషంటే భయం లేకుండా పెరిగిన కుక్క కొత్త మనిషిని ప్రేమించడానికి వయసు అడ్డు కాదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మరో అభ్యంతరం. నాలుగు నెలల కుక్కపిల్ల ఇంకా మొక్కే. పాలపళ్లు రాలి కొత్త పళ్లు వచ్చే వయసది, నేర్చుకునే శక్తి పదునెక్కుతున్న వయసు కూడా. ఏడు వారాల పిల్ల ఒక పని మీద నిమిషం కంటే ఎక్కువ నిలబడలేదు. నాలుగు నెలల పిల్ల పది నిమిషాల పాఠాన్ని ఆడుతూ నేర్చుకుంటుంది. ఇంతకుముందు నేర్చిన చెడ్డ అలవాట్లు ఉంటే ఎలా అంటారా, ఉండవచ్చు. పిలిస్తే రాకపోవడం, గడప మీద మూత్రం పోయడం లాంటివి మార్చడానికి వారాలు పడతాయి. నిజంగా ఒప్పుకోవలసిన లోటు ఇంకొకటుంది. చిన్న పిల్లతో మనకు దొరికే ప్రశాంతమైన నెలలు పెద్ద పిల్లతో తక్కువ, కౌమారం త్వరగా వచ్చేస్తుంది. 2020లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఐదు నెలలప్పుడు చక్కగా మాట విన్న కుక్కలు ఎనిమిదో నెలలో తమను పెంచుతున్నవాళ్ల మాట వినడం తగ్గించాయి, కొత్తవాళ్ల మాట మాత్రం విన్నాయి. ఏడాది నిండేసరికి మళ్లీ దారిలో పడ్డాయి. నాలుగు నెలలకు పిల్లను తెచ్చినవాళ్లు ఈ దశను నాలుగు నెలల్లోనే ఎదుర్కొంటారు. అది పిల్ల చెడిపోయినట్టు కాదని, ప్రతి కుక్కా దాటే మలుపని తెలిసి ఉంటే ఆ నెలలు గడపడం కష్టం కాదు. ఆ వయసులోనే ఎన్నో కుక్కలు వీధిపాలవుతున్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

పెద్ద పిల్లలో మనకు కనిపించేది కూడా ఎక్కువ. ఆరేడు వారాల పిల్లలను చూసి ‘ఇది చురుకైనది, ఇది నెమ్మది’ అని ఎంచుకోవడం మనకు ఇష్టమైన పని. వియన్నాలో బోర్డర్ కాలీలను పుట్టినప్పుడు, ఆరేడు వారాలకు, మళ్లీ ఎదిగాక పరీక్షించి చూస్తే, చిన్నప్పటి ప్రవర్తనకూ పెద్దయ్యాక ప్రవర్తనకూ పొంతన దాదాపు లేదు. కొత్త చోటును వెతికి చూసే చురుకుదనం ఒక్కటే కొంత నిలిచింది. నాలుగైదు నెలలకు స్వభావం పూర్తిగా తేలిపోతుందని కాదు, కానీ బొద్దుగా, నిద్రమత్తుగా ఉండే పసిముఖం దాచేసేవి చాలా అప్పుడు బయటపడతాయి. నడక సరిగా ఉందా, పళ్ల వరస కుదిరిందా, మగపిల్లకు వృషణాలు దిగాయా, బొడ్డు దగ్గర హెర్నియా ఉందా, ఎంత ఎదుగుతుంది అన్నవి డాక్టరు అంచనా వేయగలరు. వయసును కూడా పళ్లే చెబుతాయి: ముందు పళ్లు మారడం మూడు నుంచి నాలుగు నెలల మధ్య మొదలై, కోరపళ్లు ఐదారు నెలలకు వస్తాయి. అమ్మేవాళ్ల మాట మీదే ఆధారపడాల్సిన పని లేదు.

ఇంట్లో పసిపిల్లలుంటే చిన్న కుక్కపిల్ల కావాలని వాళ్లు మారాం చేస్తారు. వాళ్ల ఆనందం విలువైనదే. కానీ సూదుల్లాంటి పాలపళ్లతో కొరకడం ఆపుకోలేని పిల్లకూ, ఎత్తుకొని వదలని మూడేళ్ల బిడ్డకూ మధ్య రోజంతా కాపలా ఉండటం తల్లిదండ్రులకు సులభం కాదు. కొరుకు అదుపులోకి వచ్చి, చేతుల్లోంచి జారినా దెబ్బ తగలనంత గట్టిపడ్డ పిల్ల ఇద్దరికీ క్షేమం.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం: పరిచయ దశ మనకు కనిపించని చోట గడిచిపోయింది, అక్కడ ఏం జరిగిందో ఎలా తెలుస్తుంది? ఇది నిజమైన ప్రమాదం. 2002లో బ్రిటన్‌లో ఆపిల్‌బీ, బ్రాడ్‌షా, కేసీ చేసిన అధ్యయనంలో, ఇంట్లో కాకుండా షెడ్డులోనో కెన్నెల్‌లోనో పుట్టి పెరిగిన పిల్లలు, అలాగే మూడు నుంచి ఆరు నెలల మధ్య ఊరి సందడి చూడని పిల్లలు పెద్దయ్యాక కొత్తవాళ్లను చూసి బెదరడం, మీదపడటం ఎక్కువని తేలింది. ఇందులో హెచ్చరికా ఉంది, ఆశా ఉంది. షెడ్డులో ఇనుప జాలీ వెనక నాలుగు నెలలు గడిపిన పిల్లను, జాలితోనైనా సరే, అనుభవం లేని కుటుంబం తెచ్చుకోకూడదు. అదే సమయంలో మూడో నెల తరువాత కూడా తలుపు పూర్తిగా మూసుకోదనీ, ఆరో నెల దాకా ఊరు చూపించే అవకాశం యజమాని చేతిలో ఉందనీ ఆ ఫలితమే చెబుతోంది. జాతిని బట్టి కూడా తేడా ఉంటుంది. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో కవలియర్ స్పానియల్ పిల్లల్లో కొత్తవాటికి భయం మొదలవడం జర్మన్ షెపర్డ్ పిల్లల కంటే సుమారు రెండు వారాలు ఆలస్యంగా కనిపించింది. కాబట్టి వయసు అంకె అడిగి ఊరుకోకుండా పిల్ల పెరిగిన చోటును చూడాలి. తల్లి అక్కడే ఉందా, మనుషులను చూసి ఎలా ఉంది? పిల్ల ఇంటి లోపల తిరుగుతుందా? మిక్సీ, కుక్కర్ విజిల్, టీవీ దాని చెవిన పడ్డాయా? ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు, బడిపిల్లలు దాన్ని ముట్టుకున్నారా? తాళాల గుత్తి కింద పడేసి చూడండి. ఉలిక్కిపడటం సహజం, అర నిమిషంలో తేరుకొని వాసన చూడటానికి వస్తే అది బాగా పెరిగిన పిల్ల. మూల నక్కి బయటికి రాకపోతే ఆలోచించాలి. టీకాల పుస్తకంలో తేదీలు, డాక్టరు సంతకం ఉండాలి. చివరి పార్వో టీకా 16 వారాల తరువాత పడిందో లేదో చూడాలి.

ఇదే కొలబద్దతో చూస్తే మన వీధుల్లోని మూడు నాలుగు నెలల దేశవాళి పిల్లలకు న్యాయం జరుగుతుంది. కోల్‌కతా బృందం 2016లో ప్రచురించిన లెక్కల్లో, 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్లో ఏడో నెల దాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతానికి ఏదో ఒక రూపంలో మనుషులే కారణం. నాలుగో నెలకు చేరిన వీధి పిల్ల అంటే జబ్బులనూ, చక్రాలనూ తప్పించుకున్నది. బండ్ల మోత, జనసమ్మర్దం, తోటి కుక్కల మర్యాదలు దానికి పుట్టుకతోనే పరిచయం. కాలనీలో నలుగురు పేరు పెట్టి పిలిచి అన్నం పెట్టిన పిల్ల అయితే, చేయి చాపితే దగ్గరికొచ్చే పిల్ల అయితే, దానికి కావలసిన పరిచయ దశ ఏ కెన్నెల్‌లోనూ దొరకనంత నిండుగా జరిగినట్టే. దత్తత శిబిరాల్లో నెలన్నర పిల్లలు ముందు వెళ్లిపోయి ఇలాంటివి చివరిదాకా మిగిలిపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. 45 రోజుల పిల్లను అమ్మడం ఆ నిబంధన ఉల్లంఘనే, కొనడం ఆ ఉల్లంఘనకు డబ్బు కట్టడమే. నిబంధన కనీస వయసును చెబుతుంది, ఆ పైన పిల్లను ఉంచుకొని బాగా పెంచేవాళ్లకు ఆసరా మాత్రం సంతలోనే దొరకాలి. ఇప్పుడు జరుగుతున్నది అందుకు విరుద్ధం. వారాలు గడిచేకొద్దీ అమ్మేవాళ్లు ధర తగ్గిస్తారు, కొనేవాళ్లు ఇంకా తగ్గించమంటారు. ఆరో వారం నుంచి పదహారో వారం దాకా ఒక పిల్లను తల్లితో ఉంచి, నాలుగు పూటలా మంచి తిండి పెట్టి, టీకాలన్నీ వేయించి, ఇంట్లో తిప్పి, మనుషులకు అలవాటు చేసిన పెంపకందారు కొన్ని వేలు ఖర్చుపెట్టాడు, రోజూ కొన్ని గంటలు ఇచ్చాడు. ఆ పనంతా లేకపోతే అది మన నెత్తిన పడేది, మనకు చేతకాక సగంలో వదిలేసేవాళ్లం కూడా. అలాంటి నాలుగు నెలల పిల్లకు 45 రోజుల పిల్ల కంటే ఎక్కువ ధర ఇవ్వడానికి కొనేవాళ్లు సిద్ధపడిన రోజున పెంపకందార్లు పిల్లలను తల్లి దగ్గర ఉంచుతారు. అందుకోసం కొత్త చట్టం రానక్కర్లేదు, పిల్లను చూడ్డానికి వెళ్లినప్పుడు మనం వేసే మొదటి ప్రశ్న మారితే చాలు: ఎన్ని రోజుల పిల్ల అని కాకుండా, ఆ రోజులు ఎక్కడ, ఎవరితో గడిచాయని.